అరువు నాలుకతో ఆలివ్ ఆవకాయ

మొన్న మా స్టోర్సు సెక్షన్లో పనిచేసే ఒకాయన కూతురి రిసెప్షన్‌కి వెళ్ళాం. ఖరగ్‌పూర్‌లో ఈ మధ్య రిసెప్షన్ అంటే తిండి కౌంటర్లు గూడ్సు బండి పొడవున ఉంటున్నాయి. ఇంజను దగ్గర ఫుచ్కాతో, అదే పానీపూరీతో, మొదలుపెడితే గార్డు పెట్టె దగ్గర పాన్ దొరుకుతుంది. ఈలోగా మనిషి ఒకటి రెండు స్టేషన్లు దాటినంత అలిసిపోతాడు. మధ్యలో ఎక్కడో తెల్ల టోపీ వంటాయన ఒక కరకరలాడే రొట్టె ముక్క నా పళ్ళెంలో పెట్టి, దానిమీద నల్లటి చక్రాలు రెండు అద్దాడు. కొరికాను. ముందు ఉప్పు వచ్చింది. ఉప్పు వెనకాల చేదు, చేదు వెనకాల వెన్న రాసినట్టు ఒక నున్నదనం. ఆ జనంలో, చెవులు పగిలే ఆ పాటల మోతలో, నా భుజం పక్కనే నిలబడి అడిగినట్టు ఒక గొంతు వినిపించింది. "ఉన్నది సెప్పు సత్తీ. కతలొద్దు."

ఆ గొంతు అప్పలనర్సమ్మ పిన్నిది. పిన్ని అంటే రక్తసంబంధం కాదు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌ రైల్వే కాలనీలో మా క్వార్టరు వెనక గోడా, వాళ్ళ క్వార్టరు వెనక గోడా ఒకటే. మా అమ్మా ఆవిడా ఆ గోడకి చెరో వైపు నిలబడి, పప్పు నుంచి లోకవ్యవహారాల దాకా అన్నీ దానిమీంచే అందించుకునేవాళ్ళు. ఆవిడ భర్త సింహాచలం బాబాయి వర్క్‌షాపులో ఫిట్టరు. వీళ్ళదీ మా వాళ్ళదీ బొబ్బిలి వైపు పల్లెలే. మా తాతల కాలంలో రైలు కూత విని ఇటు వచ్చినవాళ్ళం, ఇక్కడే దిగిపోయాం. బాబాయి పోయాక పిన్నికి పిల్లలు లేకపోవడంతో, వర్క్‌షాపులోనే పనిచేసే తన తమ్ముడి కొడుకు పేరుకి మారిన అదే క్వార్టరులో ఆవిడ ఉండిపోయింది. అతనికి ఎప్పుడూ నైట్ షిఫ్టే అని మా వీధి నమ్మకం, ఎందుకంటే పగలు అతను మెలకువగా ఉండగా చూసినవాళ్ళు లేరు.

పిన్ని ముక్కు గురించి చెప్పాలి. మా సందు ఒక చివర ఎవరింట్లోనైనా పోపులో మెంతి గింజ ఒక్కటి మాడితే, రెండో చివర పిన్ని పీట మీంచి లేచి, "కావమ్మా, మంట తగ్గించు" అని కేకేసేది. నేను కాస్త పెంచి చెబుతున్నానని మీకు అనుమానం రావచ్చు. పెంచే చెబుతున్నాను. మా ఊరి ప్లాట్‌ఫారం ఎంత పొడవో లోకానికి తెలుసు. నా మాట దానికంటే పొడవని ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి తెలుసు. చిన్నప్పుడు బడినుంచి వచ్చి, దారిలో ఏనుగంత కుక్క తరిమిందని చెబితే అమ్మ వీపు మీద ఒకటి వేసేది. పిన్ని మాత్రం శ్రద్ధగా విని, తల ఊపి, "సరే, పావు వంతు తీసుకుంతాను. అంతే మేకపిల్లంత కుక్క. దానికీ బయపడాల్సిందే" అని బెల్లం ముక్క చేతిలో పెట్టేది. నా గొప్పలని కొట్టిపారెయ్యకుండా, తూకం వేసి పుచ్చుకున్న మనిషి నా జీవితంలో ఆవిడొక్కతే.

ప్రతి ఏడూ ఎండలు ముదరక ముందు మా వీధిలో మాతా పూజ జరుగుతుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి అదే పెద్ద పండగ. అమ్మవారికి నైవేద్యం పెట్టే పులిహోర పిన్ని చేతిదే. ఇదేదో కమిటీ తీర్మానం కాదు. పొద్దు తూర్పున పొడవాలని ఎవరు తీర్మానం చేశారు? ఆవ నూరి పెట్టిన ఆ పులిహోర గంగాళం మూత తీస్తే, హౌరా వెళ్ళే బండ్లలో ప్రయాణికులు చెయిను లాగి దిగిపోయేవారని నేను చెబుతూ ఉంటాను. పావు వంతు తీసుకోండి.

తరవాత కరోనా రోజులొచ్చాయి. పిన్నికి జ్వరం తగిలింది, ప్రాణానికి ఏమీ కాలేదు, లేచి తిరిగింది. కానీ ముక్కూ నాలుకా రెండూ వెళ్ళిపోయాయి. కొందరికి వారాల్లో తిరిగొచ్చాయి. పిన్నికి నెలలు గడిచినా రాలేదు. ఒకరోజు పాలు మాడి గిన్నె నల్లబడి, పొగ గోడ దాటి మా ఇంట్లోకి వచ్చింది. మా ఆవిడ పార్వతి పరుగున వెళ్ళేసరికి పిన్ని ఆ పొయ్యి పక్కనే కూచుని చింతపండు ఈనెలు తీస్తోంది. పార్వతి పొయ్యి కట్టేసింది. పిన్ని గిన్నె వైపు చూసి, "ఇదెప్పుడు మాడినాది?" అని అడిగిందట. ఆ అడగడం తన గుండెలో గుచ్చుకుందని పార్వతి ఇప్పటికీ అంటుంది.

ఆ రోజుతో ఆవిడ వంట మానేసింది. బ్రెడ్డూ టీ. అడిగితే, "మట్టి తిన్నా ఒకటే, మైసూరుపాకు తిన్నా ఒకటే. దీనికి పొయ్యెందుకు?" అనేది. కమిటీ పెద్ద గౌరునాయుడు ఆవిడకంటే చిన్నవాడు, అప్పా అని పిలిచేవాడు. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. అతన్ని పిలిపించి, "ఇంక పులిహోర నా వల్ల కాదు నాయుడూ. నోరూ ముక్కూ నేని మనిషి అమ్మోరికి ఏటి వొండుతాది?" అని చెప్పేసింది. ఆ ఏడాది పులిహోర ఒక కేటరింగ్ ఆయనకి ఇచ్చారు. అతను అందులో జీడిపప్పు, కిస్‌మిస్, కాస్త పంచదార వేశాడు. అమ్మవారు ఏమనుకుందో తెలీదు గాని మా వీధి మాత్రం ఆ సాయంత్రమంతా చావింటిలా ఉంది. పిన్ని తలుపు వేసుకుని బయటికే రాలేదు.

ఇక ఆలివ్‌ల సంగతి. తాల్‌బగీచా వైపు కొత్తగా తెరిచిన ఒక పెద్ద షాపులో, ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చీటీ చూసి, ఏమిటో కూడా చూడకుండా రెండు సీసాలు తెచ్చాను. ఆకుపచ్చ కాయలు, నీళ్ళలో మునిగి ఉన్నాయి. చలికాలం బజారులో బెంగాలీలు పచ్చడికి కొనే జలపాయి కాయల్లాగే కనిపించాయి, కాస్త పొట్టివి. ఇంట్లో మూత తీసి ఒకటి నోట్లో వేసుకుని, వేసుకున్నంత వేగంగా తులసికోట పక్కన ఉమ్మేశాను. పార్వతి ఒకటి చిదిమి వాసన చూసి, "ఇవి ఇంట్లో ఉంటే నేనుండను" అంది. ఆవిడ పుట్టింటికి బండి పొద్దున్నే ఉంది కనుక ఆ బెదిరింపుని తేలిగ్గా తీసుకోలేకపోయాను. మా ఇంట్లో ఎవరూ తినని వస్తువులన్నీ చిన్నప్పటినుంచీ గోడ దాటి పిన్ని ఇంటికే పోయేవి. అలవాటు కొద్దీ సీసాలు పట్టుకుని వెళ్ళాను. వెళ్ళాక గుర్తొచ్చింది, ఆవిడ వండడం మానేసిందని.

"ఏటిరా అది?" అంది పిన్ని.

"ఆలివ్ కాయలట పిన్నీ. దొరలు తింటారు. నోట్లో వేసుకుంటే మన వంశంలో పోయినవాళ్ళంతా వరసగా కనిపిస్తారు."

ఆవిడ ఒక కాయ తీసి వేళ్ళ మధ్య దొర్లించింది. నొక్కింది. నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. నేను ఉమ్మడానికి గిన్నె కూడా సిద్ధంగా పెట్టాను. ఆవిడ గింజ తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూచుంది.

"ఏమైనా తెలిసిందా?" అని అడిగాను.

"ఏటీ తెల్లేదు." ఇంకో కాయ తీసుకుంది. "అది కాదురా. మావిడికాయ ముక్క నోట్లో యేసుకుంతే అదెలగుండాలో నాకు తెలుసు. రాదు. రాకపోతే ఏడుపొస్తాది. సింతపండు అలగే, సారు అలగే. అన్నీ తెలిసినవే, అన్నీ మొకం తిప్పుకున్నట్టే ఉంతాయి. దీని మొకం నానెప్పుడూ సూడనేదు. దీని రుసి ఏటో తెల్దు గనక, దీని దగ్గిర నాకు పోయిందేటీ నేదు." ఇంకోటి నోట్లో వేసుకుంది. "నున్నగున్నాది. పంటికి బాగున్నాది. ఇక్కడెట్టి పో."

పది నెలలుగా బ్రెడ్డు తింటున్న మనిషి అలా ఒక కాయ తరవాత ఒక కాయ నములుతుంటే నేనేమనాలో తెలియలేదు. నాకు మాట దొరక్కపోవడం మా వీధిలో గ్రహణం లాంటిది.

మర్నాడు సాయంత్రం గోడ అవతల రోట్లో పొత్రం తిరుగుతున్న చప్పుడు విని పార్వతీ నేనూ ముఖాలు చూసుకున్నాం. వెళ్ళి చూస్తే పిన్ని ఆవపిండి, కారం, వెల్లుల్లి, ఆవనూనె ముందేసుకుని జాడీలో ఆలివ్‌లకి ఆవకాయ పెడుతోంది. మావిడి ముక్కలకి పెట్టే కొలతే, చేతికి వచ్చిన కొలతే. గుప్పిట్లో ఉప్పు తీసి జల్లుతుంటే ఆ చెయ్యి ఎక్కడా ఆగలేదు. కాయ ఏదైతేనేం, ఆవకాయకి ఇంత ఉప్పని ఆవిడ తల్లి, తల్లికి తల్లి చెప్పిన లెక్క. నేనూ తలూపుతూ చూశాను. ఊరనిచ్చి, ఒక ఆదివారం పొద్దున్న నన్ను పిలిచి అన్నం కలిపి నోటి దగ్గర పెట్టింది.

"నువ్వు తిని సెప్పాల. నాకు తెల్దు."

తిన్నాను. పై అంగిలి ఊడి కింద పడ్డట్టయింది. "అద్భుతం పిన్నీ" అన్నాను. "అమృతం దీని ముందు కుళాయి నీళ్ళు." ఆ మాట అంటూనే చెంబు ఎత్తాను.

"నీళ్ళు తాగినావు" అంది పిన్ని.

"దాహం వేసింది."

"మళ్ళీ తాగుతున్నావు."

"ఎండగా ఉంది."

"పుష్యమాసం. స్వెట్టరేసుకుని ఉన్నావు."

చెంబు దించాను. పిన్ని గిన్నె పక్కన పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుంది. కోపంగా లేదు, అదే కష్టం. "సత్తీ, అందరూ నాకు మర్యాదే సేస్తన్నారు. వొంట మానక ముందు సారు బాగుంది పిన్నీ, కూర బాగుంది పిన్నీ అనేవోరు. అది నిజివో కాదో సూసుకోడానికి నాకు నోరు నేదు. నీ నోరు అరువు అడిగినాను. నువ్వూ మర్యాద సేస్తే నాను ఎవుల్ని అడగాల? ఉన్నది సెప్పు. కతలొద్దు."

ఒక్క క్షణం తల దించుకుని అన్నాను, "ఉప్పు. సముద్రం పిన్నీ."

"దీఘా సముద్రవా?"

"దీఘా సముద్రాన్ని మూడెండల్లో ఎండబెట్టగా అడుగున మిగిలింది."

పిన్ని నవ్వింది. జ్వరం తరవాత ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వి, కళ్ళు తుడుచుకుని అడిగింది. "ఆ సీసాలో నీళ్ళు ఏటి?"

"మామూలు నీళ్ళనుకున్నాను, కాయ కుళ్ళకుండా."

"ఉప్పు నీళ్ళురా అవి. కాయలు ముందే ఊరిపోయున్నాయి, దానిమీద నాను మావిడికాయ లెక్క ఉప్పేసినాను. నాను సూద్దునంతే నాలిక నేదు. నీకున్నాది, నువ్వు తులసికోట పక్కన ఉమ్మేసినావంట."

ఇలా ప్రపంచంలో మొట్టమొదటి ఆలివ్ ఆవకాయ పాడైంది. కానీ పారెయ్యలేదు; ఉత్తరాంధ్ర ఇంట్లో ఊరగాయ పారెయ్యడానికి శవాన్ని మోసినట్టు నలుగురు కావాలి. పిన్ని ముక్కలు బయటికి తీసి, కారం కడిగేసి, చేదు కాకరకాయని నానబెట్టినట్టే వాటిని బియ్యం కడిగిన నీళ్ళలో రాత్రంతా ఉంచింది. పొద్దున్న నాచేత ఒకటి తినిపించింది. సముద్రం కాస్తా చెరువైంది. మళ్ళీ నీళ్ళు మార్చింది. ఉప్పు చిటికె కూడా వెయ్యకుండా ఆవ, కారం, వెల్లుల్లి మళ్ళీ కలిపింది. ఈసారి వేడన్నంలో ఆ కాయ చితికి, ఆవ ఘాటు ముక్కుకెక్కి, దాని వెనకాల ఆ నున్నటి చేదు నెమ్మదిగా దిగితే, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నేను నోరు విప్పలేదు.

పిన్ని నన్నే చూస్తోంది. "ఒక్క మాటా సెప్పనేదు."

"తింటున్నాను."

"తెలిసినాది" అంది ఆవిడ తృప్తిగా. ఆ రోజునుంచీ నన్ను చదవడానికి ఒక పద్ధతి పెట్టుకుంది. నేను అగ్నిపర్వతం అంటే కారం సరిపోయినట్టు. సముద్రం అంటే ఉప్పు పిసరు ఎక్కువ. స్వర్గం అంటే ఏదో తక్కువైంది, నేను కప్పిపుచ్చుతున్నాను. మాట్లాడకుండా తింటే బాగున్నట్టు. డాక్టర్లు గుండెకి తీగలు పెట్టి గీతలు చదివినట్టు ఆవిడ నా కోతలు చదివేది. అయినా చివర్న "ఇప్పుడు ఉన్నది సెప్పు" అని అడిగి, నా నోటితో మామూలు తెలుగు ఒక్క ముక్క చెప్పించుకుని గాని వదిలేది కాదు.

ఆ చలికాలమంతా మా సందులో ఆలివ్‌లే. ఆ షాపువాడు మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. వాటిని హిజ్లీ వైపునుంచి సైకిళ్ళ మీద వచ్చే కాలేజీ పిల్లలు తప్ప ఎవరూ కొనేవారు కాదట. ఇప్పుడు స్వెట్టరు మీద మఫ్లరు చుట్టిన నడివయసు రైల్వే మనిషొకడు వచ్చి అరలు ఖాళీ చేసి పోతున్నాడు. పిన్ని మావిడికాయకి బదులు అవి పప్పులో వేసింది. పప్పు పాడైంది, కాయలు బాగున్నాయి. పెసరట్టు మీద ఉల్లిపాయతో పాటు చక్రాలు కోసి జల్లింది; అది పార్వతి పుట్టింటి బెదిరింపుని శాశ్వతంగా వెనక్కి తీసుకునేలా చేసింది. ఎండు రొయ్యలు వేయించి, వంకాయ వేసి, చివర్న కాయలు చిదిమి కలిపిన రోజున, గోడ అవతల ఉండి వాసన పట్టుకున్న నేను చెప్పులు వేసుకోవడం మరిచి వెళ్ళాను. ఒక సాయంత్రం స్టేషను దగ్గర ఝాల్‌ముడి అమ్మే దాదా చేతికి కొన్ని ముక్కలిచ్చి, మరమరాల్లో పచ్చి ఆవనూనె, పచ్చిమిర్చితో పాటు కలపమన్నాను. అతను అనుమానంగా డబ్బా కలిపి, ఒక గుప్పెడు తను నోట్లో వేసుకుని, నమిలి, "దాదా, ఎటా కీ? కాల్ ఆబార్ ఆన్‌బేన్" అన్నాడు. ఇదేమిటి, రేపు మళ్ళీ పట్రండి అని.

అన్నిటికంటే గొప్పది మాత్రం రోటి పచ్చడి. నువ్వులు వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, నానబెట్టిన కాయలు కలిపి కచ్చాపచ్చాగా నూరి, ఆవ పెట్టింది. నువ్వులు వేగాయో లేదో వాసనకి తెలియదు కనుక పిన్ని చెవి పెట్టి వినేది. చిటపట సన్నబడ్డాక దించేది. వెల్లుల్లి నలిగిందో లేదో పొత్రం తిరిగే బరువుకి చెప్పేది. ముక్కూ నాలుకా ఉన్న రోజుల్లో ఆవిడ ఇలా వినేదో లేదో నాకు తెలీదు. చెవీ చేతులూ ఇంత పని చేస్తాయని ఆవిడకీ అప్పుడే తెలిసినట్టుంది.

పూజకి ఇంకా కొన్ని వారాలుందనగా గౌరునాయుడు నన్ను వర్క్‌షాపు గేటు దగ్గర పట్టుకున్నాడు. "మళ్ళీ ఆ కేటరింగాయన్నే పిలవాలంటే నా చెయ్యి రాటంనేదు బావా. అప్పని నువ్వొకసారి అడుగు" అన్నాడు. ఇద్దరం కలిసి వెళ్ళాం. పార్వతి ముందే అక్కడ కూచుని ఆలివ్‌ల గింజలు తీస్తోంది. గౌరునాయుడు నసుగుతూ విషయం చెప్పాడు. పిన్ని ముఖం ముడుచుకుపోయింది.

"ఇంట్లో ఇదంతా ఆటరా నాయుడూ. సత్తిగాడు తింతాడు, సెప్తాడు, నాను దిద్దుకుంతాను. అమ్మోరి వొంట ఆట కాదు. వీధంతా తింతాది. ఒకపాలి సెడిందంతే ఇంక నాను ఆ గంగాళం దగ్గిరికి ఎప్పుడూ ఎల్లనేను."

అదీ ఆవిడ భయం. చెయ్యనంతకాలం, చెయ్యగలనేమో అన్న ఆశ ఒకటి మిగిలి ఉంటుంది. చేసి చెడగొడితే అదీ పోతుంది.

"సత్యం అన్నయ్య ముందు రుచి చూసి సెప్తాడు కదప్పా" అన్నాడు గౌరునాయుడు, కంగారులో నాతో వరస కూడా మార్చేసి.

"నైవేద్యం ఎంగిలి సేయిస్తావేటి? ఎప్పటినుంచి కమిటీ పెద్దవిరా నువ్వు?"

గౌరునాయుడు చెంపలు వేసుకున్నాడు. గింజ తీస్తున్న పార్వతి తల ఎత్తకుండానే అంది, "పిన్నీ, నేను కాపురానికొచ్చిన కాణ్ణించి చూస్తున్నాను. అమ్మవారి పులిహోర మీరెప్పుడూ రుచి చూసి చెయ్యలేదు."

పిన్ని ఆవపిండి గిన్నె పక్కకి జరిపింది.

"ముక్కుకి బట్ట కూడా కట్టుకునేవారు, వాసన ముందు అమ్మవారికే అందాలని. మరి ఇన్నేళ్ళూ దేనితో చేశారు?"

పిన్ని తన చేతుల వైపు చూసుకుంది. అప్పటికి అవి ఆవపిండితో పచ్చగా ఉన్నాయి. "బట్ట కట్టుకున్నా నా ముక్కుకి తెలిసిపోయేదే" అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు చిన్న గొంతుతో. పార్వతి నవ్వింది. పిన్ని నవ్వలేదు. గౌరునాయుడి వైపు తిరిగి, "ఆవాలు కొత్తయి తే. నిరుటివి సేదొస్తాయి" అంది.

పూజ రోజు గంగాళం దగ్గర ఆవిడ బట్ట కట్టుకోలేదు, ఎందుకన్నది ఎవరూ అడగలేదు. ఉప్పు గుప్పిట పట్టినప్పుడు మాత్రం చెయ్యి గాల్లో ఒక్కసారి ఆగింది. ఆలివ్‌ల రోజు ఎక్కడా ఆగని చెయ్యి. నేను దూరంగా స్తంభానికి ఆనుకుని, నా నోట్లో ఊరుతున్నది లాలాజలమో భయమో తేల్చుకోలేక నిలబడ్డాను. చెయ్యి దిగింది. తిరిగి మూత పడింది. ఆలివ్ పచ్చడి నైవేద్యంలో పెట్టలేదు. "అమ్మోరికి ఇంకా పరిసయం కాని కాయ" అని దాన్ని పంక్తి భోజనాలకి వేరే గిన్నెలో ఉంచింది.

నైవేద్యం అయ్యాక మొదటి ఆకు నా ముందు వేశారు. వీధంతా అన్నం దగ్గర కాకుండా నా చుట్టూ మూగింది. నా జీవితంలో ఇంతమంది నా మాట కోసం ఎదురుచూడటం అదే మొదలు, అంతమంది ముందు నా నోటికి ఒక్క ఉపమానమూ తట్టకపోవడమూ అదే మొదలు. ముద్ద పెట్టుకున్నాను. ఇంకో ముద్ద. ఆవ ఘాటు సరిగ్గా ఉంది, పులుపు సరిగ్గా ఉంది, మెంతి ఎక్కడా మాడలేదు. మా చిన్నప్పటి పులిహోరే. తింటూ ఊరుకున్నాను. పిన్ని ముఖం పాలిపోయింది. ఊరుకుంటే బాగున్నట్టని ఆవిడ పెట్టుకున్న పద్ధతి ఆ క్షణాన ఆవిడకే నమ్మకం లేకపోయింది.

"ఉన్నది సెప్పు సత్తీ."

"ఉప్పు ఒక్క పిసరు తక్కువ పిన్నీ" అన్నాను. "మిగతాదంతా ఎప్పట్లాగే ఉంది."

ఆవిడ ఊపిరి వదిలింది. పక్కనే ఉన్న స్తంభం పట్టుకుని మెల్లగా కింద కూచుంది. "పిసరేనా?"

"పిసరే."

"అంతే బాగున్నాదన్నమాట" అంది, ఎవరితోనో కాదు, తనతోనే. నేను స్వర్గం అని ఉంటే ఆవిడ ఆ రోజే గంగాళం వదిలేసేది. ఆ పిసరు ఉప్పు ఆవిడకి మిగతా వంటంతటినీ తిరిగిచ్చింది. గౌరునాయుడు గట్టిగా, "ఇంక కూచోండి అందరూ" అన్నాడు. పంక్తిలో ఆలివ్ పచ్చడి ముందు అయిపోయింది. రెండోసారి అడిగినవాళ్ళకి గిన్నె బోర్లించి చూపించాల్సి వచ్చింది.

ఆ తరవాత పిన్నికి ఉప్పూ పులుపూ కాస్త తిరిగొచ్చాయి, వాసన చివరిదాకా రాలేదు. అయినా మరి పొయ్యి ఆర్పలేదు. ఇంకొన్ని పూజల పులిహోర ఆవిడ చేతిదే తిన్నాం. ఆవిడ చనిపోయిన ఏడాది గంగాళం ఎవరి చేతికొస్తుందన్న చర్చ కూడా జరగలేదు. పార్వతి వెళ్ళి దాని ముందు కూచుంది, అంతే. నేను మా స్టోర్సులో, టీ కొట్టు దగ్గర, పెళ్ళిళ్ళలో, ఇప్పటికీ కోతలు కోస్తూనే ఉన్నాను. లోకం పావు వంతు తీసుకోవడం నేర్చుకోవాలి, అది నా పని కాదు. కానీ ఎవరైనా తను వండినది నా ముందు పెట్టి ముఖంలోకి చూస్తే, నా నోటిలోంచి ఒక మామూలు మనిషి బయటికొచ్చి ఉన్న మాట చెబుతాడు. కారం ఎక్కువైంది. పోపు మాడింది. బాగుంది. అలా చెప్పించుకున్నవాళ్ళు మొదట నొచ్చుకుంటారు, తరవాత మళ్ళీ నన్నే పిలుస్తారు.

ఈ ఏడాది పూజకి పార్వతి మొదటి ఆకు నా ముందు వేసింది. ఏదో ఒక లోపం చెప్పేదాకా ఆవిడకి నమ్మకం కుదరదని నాకు తెలుసు. తిన్నాను, వెతికాను. ఉప్పులో వెతికాను, పులుపులో వెతికాను, మెంతి గింజల్లో కూడా వెతికాను. దొరకలేదు. లోపమే లేని రోజున ఏం చెప్పాలో పిన్ని నాకు నేర్పి పోలేదు.

"ఏమీ తక్కువ లేదు" అన్నాను.

పార్వతి నమ్మలేదు. ఇంకో గరిటె వేసి, "సరిగ్గా చూడండి" అంది.

రుచి చూస్తూ కూచున్నాను, ఆకు ఖాళీ అయ్యేదాకా మాట్లాడకుండా.